ఇంటికి మొలతాడు

మా అత్త పోయింది. మొన్న భాద్రపదంలో, మేం చోళ్ళు అనే రాగుల చేను ఈనుతున్న వేళకి, మాడుగుల కొండల్లోని మా ఇంట్లో, తన గాదె పక్కనే కన్ను మూసింది. కబురు తెలిసి దిగువ నుంచి పరిగెత్తుకొచ్చిన మా అన్న, వంగకుండా లోపలికి రాబోయి చూరుకి నుదురు కొట్టుకున్నాడు. ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే నవ్వేశాను. అత్త ఉంటే నాకంటే ముందు తనే నవ్వేది.

మా చూరు అంత కిందికి ఉంటుంది. కాపరానికి వచ్చిన మొదటి రోజు నా తలకీ అదే తగిలింది. "ఏటే గుంటా, ఇంటికి దండం ఎట్టకుండా వచ్చీసినావేటి?" అంది అత్త. కాస్త ఎత్తుగా కప్పించుకోవచ్చు కదా అత్తా అంటే, "గాలికి తలొంచితే తప్పు నేదే. గాలెల్లిపోయినాక లెగాల, అంతే" అంది. మనిషి గురించి అంటోందో, ఇంటి గురించి అంటోందో నాకు అప్పుడు తెలియలేదు. రెండిటి గురించీ అనేదని తర్వాత తెలిసింది.

మా ఇంటికి ఏటా దసరా ముందు మొలతాడు కట్టాలి. ఆ పేరు అత్త పెట్టిందే. అడవిలోంచి అడ్డతీగ కోసుకొచ్చి, నార తీసి, గెడ్డ నీళ్ళలో నానబెట్టి, మణికట్టు లావున తాళ్ళు పేనేది. వాటిని ఇంటి కప్పు మీదుగా ఇటు నుంచి అటు వేసి, రెండు పక్కలా నేలలో ఏటవాలుగా దిగేసిన మద్ది గుంజలకి బిగించేవాళ్ళం. అత్త పోరు పడలేక ఊళ్ళో మిగతా ఇళ్ళకీ అలాగే కట్టేవారు. ఆ తర్వాత పరీక్ష ఉండేది. అత్త ఒక్కో తాడునీ రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని వేలాడేది. ఆ వయసులో, ఊరంతా చూస్తుండగా! ఒక ఏడు గుంజ ఊడి వెల్లకిలా పడింది. లేవకుండానే, పడ్డచోటి నుంచే మా ఆయన్ని తిట్టింది. "నీ బలమంతా అంబలి కాడేనేట్రా? గుంజ దిగేయడానికి రాదేటి?"

ఈ తతంగం ఎందుకో నాకు గాలివాన వచ్చిన ఏడు అర్థమైంది. అప్పుడు నా కూతురు మూడో నెల పిల్ల. కార్తీకంలో ఒకనాడు తెల్లవారుతూనే ఉత్తరపు గాలి మొదలైంది. అత్త ఎంత బేగి పని చేసిందో! కుండెడు అంబలి కాచి పొయ్యి ఆర్పేసింది. కోళ్ళని గంప కింద పెట్టింది. గొడ్డలి తెచ్చి లోపల పెట్టింది. చెట్టు కూలి గుమ్మానికి అడ్డం పడితే బయట ఉన్న గొడ్డలి ఎవరికి పనికొస్తుంది అని. మా ఆయన ఎడ్లని కట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంటిని కట్టు, గొడ్డుని ఒగ్గీ. దాని పేనం అది సూసుకుంటాది." నన్నూ పిల్లనీ గాదె పక్క మూలకి తోసి, ఉత్తరపు గోడకి లోపలి నుంచి దూలాలు ఊతం పెట్టించింది.

మధ్యాహ్నానికి గాలి ఉన్నట్టుండి ఆగింది. ఆకు కదల్లేదు. గండం గడిచిందని ఊరంతా బయటికొచ్చింది. కూలిన పనసచెట్టు చుట్టూ చేరినవాళ్ళు కొందరు, ఎడ్లని వెతుక్కుంటూ మా ఆయన. అత్త అరుగు మీద నిలబడి అరిచిన అరుపు గెడ్డ అవతలికి వినబడి ఉంటుంది.

"ఒరే, ఎక్కడికిరా! గాలి ఎల్లిపోనేదు. సాలు సివర ఎడ్లని తిప్పుకోవా నువ్వు? అదీ అలాగే తిప్పుకుంటంది. ఇప్పుడు దక్షిణం నుంచొత్తాది. ఊతాలు అటేపు మార్సండి, బేగి!"

ఆమె నోటికి భయపడో, మాట మీద నమ్మకంతోనో, ఇంటింటా ఊతాలు ఉత్తరం నుంచి దక్షిణపు గోడకి మారాయి. ఆఖరి దూలం ఆనించామో లేదో, గాలి తిరిగొచ్చింది. కప్పు మా నెత్తి మీద పైకి లేవబోయింది. తాళ్ళు కిర్రుమన్నాయి. పిల్లని గుండెకి అదుముకుని, ఇక అయిపోయిందనుకున్నాను. అత్త తలుపుకి వీపు ఆనించి కూర్చుని, గాలిని దాని ఏడు తరాలనీ కలిపి తిడుతూనే ఉంది. ఆ తిట్లకి నా కూతురు హాయిగా నిద్రపోయింది.

సాయంత్రానికి తెరిపిచ్చింది. కొండ మీద చెట్లు పడి ఉన్నాయి, ఇళ్ళ పూరి రేగిపోయి ఉంది. కానీ కప్పు ఎగిరిన ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు. అత్త వాకిట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆకాశంలోకి చూసింది. "ఇంతేనేటి నీ సత్తువ?" అంది. ఊరంతా ఒక్కసారి నవ్వింది. తర్వాత అందరం మా అరుగు మీదే చల్లారిన అంబలి తాగాం. అంత రుచి నేను మళ్ళీ ఎరగను.

ఆవిడ పెద్దకర్మ నాడు విస్తళ్ళు వేస్తుంటే ఉత్తరాన మబ్బు నల్లబడింది, గాలి లేచింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. విస్తళ్ళు వదిలి మగవాళ్ళు అడవికి వెళ్ళారు, ఆడవాళ్ళం నార తీసి, తడిపి తాళ్ళు పేనాం. చూరు తగిలి నుదుటి మీద మళ్ళీ కట్టిన బొప్పితో మా అన్న గుంజలు దిగేశాడు. ఇంటింటికీ మొలతాడు కట్టాకే భోజనాలు. ఆవిడకి ఇంతకంటే మంచి కర్మ ఎవరు చేయగలరు?

అన్నం వడ్డిస్తూ నా కూతురు కోసం చూశాను. అది ఇంటి పక్కన తాడుని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, గాలిలో వేలాడుతోంది.

"గుంజ కదల్నేదే అమ్మా!" అని అరిచింది.