మాస్టారు దిద్దుకున్న సంవత్సరం

గాజువాకలో మా ఇంటి వెనక గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా మోగుతాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడతారు. నాకు మాత్రం అప్పలనాయుడు మాస్టారు గుర్తుకొస్తారు. డెబ్బైల చివర్లో నేను బి.ఏ. చదివిన కాలేజీలో ఆయన చరిత్ర చెప్పేవారు. రోమన్ల పాఠం మొదలుపెట్టిన రోజున ముందుగా బల్లను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపారు. దాని మీది పుస్తకాలు జారి కింద పడ్డాయి. "పాంపే ఊరు ఇలాగే ఊగింది. అగ్గికొండ పేలకముందు మాట ఇది. ఆరొందల గొర్రెల మంద ఒక్కపాలి సచ్చిపోనాది," అన్నారు.

ఆయనది విజయనగరం వైపు రైతు కుటుంబం. ఇంట్లో మాట్లాడే మాటే తరగతిలోనూ మాట్లాడేవారు. మా నాన్నగారు పోర్టు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవారు. మొదటి వారం ఆ యాసకు నాకు నవ్వొచ్చేది. రెండో వారానికి ఆ నవ్వు పోయింది. రోమన్లు సంవత్సరాన్ని ఆ ఏడాది పదవిలో ఉన్న ఇద్దరు పెద్ద అధికారుల పేర్లతో పిలిచేవారని చెప్పి, వెనక బెంచీలోని అమ్మాయిని అడిగారు.

"మీ అప్ప ఎప్పుడు పుట్టిందమ్మా?"

"మా అక్కాండి? పెద్ద తుపాను వచ్చిన ఏడండి."

"అదే. రోమన్లదీ అదే లెక్క. ఆ పేరు ఏ అంకె అవుతాదో తేల్చడమే మన పని."

ఆ భూకంపం మీద ఆయన ఏళ్ల తరబడి తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నారు. దానికి 'గొర్రెల భూకంపం' అని తనే పేరు పెట్టుకున్నారు. అప్పటి రోము రాజు పేరు పెట్టకూడదా అని ఎవరో అడిగితే, "రాజుకేటైంది? సచ్చినవి గొర్రెలు," అన్నారు. నా చేతిరాత బాగుంటుందని సాపు ప్రతి రాసే పని నాకు అప్పగించారు. ఒక పెద్ద ప్రొఫెసరు గారు అప్పటికే పీఠిక రాసిచ్చారు. భూకంపం క్రీస్తుశకం అరవై మూడులో వచ్చిందని మాస్టారు తిరుగులేకుండా తేల్చారని అందులో మెచ్చుకున్నారు. ఆ కాలంలోనే బతికిన ఒక రచయిత రాసిన ఇద్దరు అధికారుల పేర్లే దానికి ఆధారం.

ఒక వాక్యం సరిచూసుకుందామని ఊళ్లోని గ్రంథాలయానికి వెళ్లాను. మరో రోమన్ చరిత్రకారుడి పుస్తకానికి అనువాదం ఒకటి అక్కడికి కొత్తగా వచ్చింది. ఏడాది తర్వాత ఏడాదిగా రాసుకుంటూ పోయిన ఆయన, అదే భూకంపాన్ని ఒక సంవత్సరం ముందు పెట్టాడు. అంటే అరవై రెండు. మూడు రోజులు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు స్టాఫ్ రూములో ఆ పుట తెరిచి మాస్టారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఎప్పుడు సూసినావ్?"

"మూడు రోజులైందండి."

"మరి ఇన్నాళ్లూ ఏటి సేసినావ్?"

"భయమేసిందండి."

"నానంటేనా?"

తలూపాను. అంతవరకూ మామూలుగానే ఉన్న ఆయన ముఖం అప్పుడు చిన్నబోయింది.

"అయితే నాను రెండు తప్పులు సేసినానమ్మా," అన్నారు.

ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశారు. అంకె మారిస్తే తన పీఠిక తీసేయమని జవాబు వచ్చింది. ఆ పీఠిక లేకపోతే పుస్తకాన్ని పట్టించుకునేవారు ఉండరని మాకందరికీ తెలుసు. ఒక్క ఏడాదే కదండీ, వదిలేయకూడదా అన్నాను. ఆయన కోప్పడలేదు.

"ఊరు కూలినాక, అగ్గికొండ పేలేవరకూ ఆళ్లు గోడలు కట్టుకుంటనే ఉన్నారమ్మా. పదారేళ్లా, పదిహేడేళ్లా? ఆ ఒక్క ఏడూ కూడా ఆళ్లు ఇటుకలు మోసే ఉంటారు. ఆ కట్టం నాను కొట్టేత్తే ఎలాగ?"

పుస్తకం ద్వారకా నగర్‌లోని ఒక చిన్న ప్రెస్సులో, పీఠిక లేకుండానే అచ్చయింది. అరవై రెండే సరైనదని తోస్తోందనీ, ఆ అధికారుల పేర్లు తర్వాతి కాలంలో నకలు రాసినవారెవరో చేర్చి ఉండవచ్చనీ, ఖాయంగా మాత్రం తనకు తెలియదనీ రాశారు. ఈ తేడా చూపించింది ఎవరో చెబుతూ నా పేరు వేశారు. అనుకున్నట్టే ఆ పుస్తకం గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆయన అంతటితో ఆగలేదు. పాత విద్యార్థుల్లో చిరునామా తెలిసినవాళ్లకు ఆ సంవత్సరం దిద్దుకోమని కార్డులు రాశారు. చిరునామా తెలియనివాళ్లు ఎదురైతే నోటితో చెప్పేవారు. ఒక ఆదివారం తెల్లవారుజామున మాస్టారూ ఆయన భార్యా చేపలు కొనడానికి ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు. అక్కడ ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఎర్రయ్య ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడు. ఐసు దిమ్మను లాక్కెళ్తున్న అతన్ని మాస్టారు ఆపారు.

"ఎర్రయ్యా, పాంపే భూకంపం అరవై మూడని నీకు సెప్పినాను. అది అరవై రెండు అయ్యుంటాది."

ఎర్రయ్య తెల్లబోయాడు. "ఆ ఏడుతో ఇప్పుడు నాకేటి పని మాస్టారూ?"

"నీకు పని నేదు. సెప్పినోడిని నాను కదా, నాను దిద్దాల."

ఎర్రయ్య నవ్వబోయి ఆగాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. "అరవై రెండు," అని తరగతిలో అప్పజెప్పినట్టు చెప్పాడు. మాస్టారు అతని భుజం తట్టి చేపల వేలం వైపు నడిచారు.

ఎనభైల్లో నేనూ ఒక స్కూల్లో టీచరుగా చేరాను. మొదటి ఏడే ఒక రాజవంశం గురించి చెబుతూ తండ్రిని కొడుకుగా, కొడుకును తండ్రిగా మార్చేశాను. ఇంటికొచ్చాక గానీ నాకు తెలియలేదు. పిల్లలెవరూ పట్టుకోలేదు, పట్టుకుంటారనీ అనుకోను. మర్నాడు హాజరు కూడా తీసుకోకుండా, "నిన్న నేను తప్పు చెప్పాను," అన్నాను. ఎవరు తండ్రో, ఎవరు కొడుకో సరిచేసి చెప్పాను. తర్వాత నోటుపుస్తకాల్లో కొట్టివేతల చప్పుడు వినిపించింది. అది అయ్యాక మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, పోయిన వారం కూడా ఒకటుందండి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దొరికిన మంచి మాటల్లో అదొకటి. సుద్దముక్క ఆ అమ్మాయి చేతికిచ్చి, నేను పక్కకు జరిగి నిలబడ్డాను.