అమ్మను చంపని కథ

కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళప్పుడు అమ్మ మెట్ల మీద జారిపడింది. నడుము విరిగింది. ఆ తర్వాత ఆమె గడప దాటలేదు. కిటికీ పక్క మంచం మీద నుంచే ఇంటిని నడిపింది. కింద ఎర్రజెండాల ఊరేగింపు వెళ్తుంటే పడుకునే నినాదాలు ఇచ్చేది. నాన్న నా చదువు మాన్పిస్తానన్నప్పుడు అమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు. నేను కాలేజీకి వెళ్ళాను.

ఆ అమ్మ మీదే నా మొదటి కథ రాశాను. ఒక వానాకాలం మా పైకప్పు కారుతోందంటే చూడడానికి రైల్వే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అమ్మ సరిగ్గా నీళ్ళు పడేచోట కుర్చీ వేయించి, "కూర్చో దాదా, మేం రోజూ ఇక్కడే ఉంటున్నాం" అంది బెంగాలీలో, అన్నగారిని పిలిచినట్టు. మర్నాడే మేస్త్రీలు వచ్చారు. జరిగింది జరిగినట్టే రాశాను.

మా తెలుగు సంఘం పత్రిక చూసే పెద్దాయన, ఒక బ్యాంకు అధికారి, చదివి పెదవి విరిచారు.

"మంచం పట్టిన తల్లి ఇలా దబాయిస్తుందా అమ్మా? చదివేవాళ్ళకు కన్నీళ్ళు రావాలి. చివర్లో పోయినట్టు రాయండి."

"మా అమ్మ బతికే ఉందండీ" అన్నాను. ఆయన నవ్వి కాగితాలు తీసుకున్నారు.

అచ్చయ్యాక నాకు ముందుగా ఒక కాపీ ఇచ్చారు. అమ్మకు చదువు రాదు. పైకి చదివి వినిపిస్తున్నాను. చివర నేను రాయని నాలుగు వాక్యాలు. వాటిలో తల్లి కూతురి ఒడిలో కన్నుమూసింది.

"ఏటే, ఆపేసినావు?"

ఉన్నమాట చెప్పాను.

"నన్ను సంపడానికి ఆయనెవుడే? మిగతా పుస్తకాలేవీ?"

"సంఘం హాల్లోనే ఉన్నాయి. ఇంకా పంచలేదు."

"అయితే ఎల్లు. ఒక్కటీ ఒగ్గీకు, అన్నిట్లోనూ కొట్టీ."

ఆ ఆదివారం హాలుకు వెళ్ళి కట్టలు విప్పాను. ప్రతి కాపీలోనూ ఆ నాలుగు వాక్యాలూ నల్లసిరాతో కొట్టేస్తూ కూర్చున్నాను. పెద్దాయన పరుగున వచ్చారు.

"అచ్చయిన పుస్తకం పాడుచేస్తారా? ఇక మీ కథలు వెయ్యం!"

"వెయ్యకండి. ఈ కథ నాది. అందులో అమ్మ కూడా నాదే."

వేళ్ళు పీకుతున్నా చివరి కట్ట అయ్యేదాకా లేవలేదు. అన్నట్టే ఆ పత్రిక మళ్ళీ నా కథ వెయ్యలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇక వెయ్యరటని చెబితే అమ్మ మంచం మీద ఒత్తిగిలి నావైపు తిరిగింది.

"పోనీలే. ఇంకోటి రాయి. నాను సెప్తాను, కాయితం తే."