ఒక్క మచ్చ మీద ఆరు దేశాల ఏకాభిప్రాయం

డిగ్రీలో అంతర్జాతీయ సంస్థల పేపర్లో నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది. దానివల్ల లోకానికి జరిగిన ఒకే ఒక్క మేలు, మా శంకర్ బావ గల్ఫ్ ఉద్యోగం కోసం మెడికల్ పరీక్షలకు హైదరాబాద్ పోతుంటే నన్ను దౌత్యవేత్తగా తోలడం. "నువ్వు గీ దేశాల సదువే సదివినవ్ గద బిడ్డా, ఎంబడి పో" అన్నది అత్త. బావ మరమగ్గాల కార్మికుడు. మా దిక్కు వాటిని సాంచాలంటారు. వీసా వచ్చిందని మొన్ననే పని వదిలేసి, సాంచాల కాడ అందరికీ లడ్డూలు పంచిండు.

చొప్పదండి నుంచి ఆటోలో కరీంనగర్ వచ్చి, తెల్లవారకముందే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. నాలుగు గంటల దారి, టికెట్ మూడొందల లోపే. సిద్దిపేటలో టిఫిన్‌కు ఆపితే బావ ఇడ్లీ ముట్టలేదు. భయమా అన్నాను.

"భయమేంది బామ్మర్ది? ఒక దేశమోడు వద్దంటే ఇంకోడు రమ్మంటడు. గల్ఫ్‌ల ఆరు దేశాలున్నయ్. ఆళ్లకాళ్లకు పడదని నువ్వే అంటివి గద!"

పరీక్షలో పదిహేను మార్కులకు నేను రాసింది అదే. గంభీరంగా తలూపాను.

హైదరాబాద్‌లో మెడికల్ సెంటర్‌వాళ్లు రక్తం, ఎక్స్‌రే తీసుకుని మర్నాడు రమ్మన్నారు. ఆ రాత్రి ఆరొందల లాడ్జిలో పడుకున్నాం. అక్కడి ఫ్యాను అచ్చం శాంతి మహాసభే: చప్పుడు ఘనం, గాలి శూన్యం.

మర్నాడు కిటికీలోని ఆయన కాగితం ముందుకు తోశాడు. "అన్‌ఫిట్ తమ్మీ. ఊపిరితిత్తి మీద మచ్చ ఉన్నది."

"గది పాత టీబీది సారూ. మందులు మింగిన, తక్కువైంది" అన్నాడు బావ.

"తక్కువైంది కావచ్చు. మచ్చ పోలే గద."

"పోనీ, పక్క దేశం చూస్తం."

"ఆరింటికీ ఒక్కటే కంప్యూటర్. ఒకరు వద్దంటే అందరూ వద్దన్నట్టే."

బావ నా దిక్కు చూశాడు. దౌత్యవేత్త ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

తిరుగు బస్సులో బావ సాంచాల సేటుకు ఫోన్ చేసి, జరసేపు విని పెట్టేశాడు. "నా జాగల వేరేటాయనను పెట్టుకున్నడట" అన్నాడు. కరీంనగర్‌లో దిగి ఆటోలో ఇల్లు చేరాం. గడపలోనే అత్త నన్ను అడిగింది, "ఏమన్నరు బిడ్డా ఆళ్లు?" అందరూ ఒక్క మాట మీద ఉన్నరత్తా అని చెప్పాను.

యుద్ధమైనా, చమురైనా ఏ కూటమీ ఏండ్లు గడిచినా తేల్చదని చదువుకున్నాను. మా బావ పక్కటెముకల వెనక అగ్గిపుల్ల తలకాయంత మచ్చ మీద మాత్రం ఆరు దేశాలు ఒక్క రోజులో తేల్చేశాయి. దేశాల ఐక్యతను కళ్లారా చూశాను. చూడకపోయుంటే బాగుండేది.

మీరూ ఈ దారి పట్టేటట్టయితే, ముందు మీ ఊరి దగ్గరే ఛాతీ ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించండి. లడ్డూలు ఆ తర్వాత పంచొచ్చు.