మాల వేసి ఆపిన గోళీలు

కోరుట్లలో నాది టైలర్ షాపు. ఒక ఉదయం షటర్ ఎత్తి కత్తెర పట్టుకుంటే వేళ్లు ముడుచుకోలేదు. పెళ్లిళ్ల సీజన్, నిద్ర లేదు, అలసట అనుకున్నాను. ఎండెక్కాక వేళ్లు కదిలాయి కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి నా చొక్కా గుండీలు కూడా నా భార్య రమే పెట్టాల్సి వచ్చింది. పట్టుబట్టి జగిత్యాలకు తీసుకెళ్లిందీ ఆమే.

ఈఎస్ఆర్, ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. రోగాలతో పోరాడాల్సిన ఇమ్యూనిటీ దారి తప్పి సొంత కీళ్ల మీదే పడుతుందట. వారానికోసారి ఒక మందు, రోజూ ఒక స్టెరాయిడ్ గోళీ రాశారు. "స్టెరాయిడ్ మెల్లగా తగ్గిద్దాం. మీ అంతట మీరు ఆపొద్దు" అని డాక్టర్ మరీ మరీ చెప్పారు.

వారంలోపే చేతులు తేలికయ్యాయి. ఇక చూపించుకోవడానికి పోలేదు. వారం మందు మానేసి, పాత చీటీతో స్టెరాయిడ్ మాత్రం కొనుక్కుంటూ ఏళ్లు నెట్టాను. ముఖం ఉబ్బితే ఒళ్లు చేసిందని మురిసిపోయాను.

నిరుడు కొండగట్టు అంజన్న మాల వేసుకున్నాను. మాలలో ఉన్నవాడికి మందులెందుకు, అంజన్నే చూసుకుంటాడని తోటి స్వాములు అన్నారు. ఆ రోజే గోళీలు ఆపేశాను. తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఒంటిపూట భిక్ష. దీక్షలో ఉన్నంతకాలం రమ కూడా నన్ను స్వామీ అనే పిలిచేది. "గోళీ ఏసుకున్నవా స్వామీ?" అని భిక్ష పెడుతూ రోజూ అడిగేది. వేసుకున్నాననేవాణ్ని.

కొద్దిరోజులకే వాంతులు మొదలయ్యాయి. ఒక పొద్దున పూజలోనే పడిపోయాను. జగిత్యాల ఆసుపత్రికి చేరేసరికి బీపీ అందడం లేదు. కీళ్ల గోళీల సంగతి రమ చెప్పడంతో డాక్టర్ అందరినీ బయటికి పంపి నన్ను అడిగారు. ఆపేశానని గొణిగాను. సెలైన్ పెట్టి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు.

నేను తేరుకున్నాక డాక్టర్ అన్నారు: "జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా, దిగులు పడినా తట్టుకోవడానికి ఒంట్లో కార్టిసాల్ ఊరుతుంది. ఏళ్ల తరబడి బయటి నుంచి ఇస్తే దాన్ని తయారుచేసే గ్రంథి పడుకుంటుంది. మీరు గోళీ ఆపారు, అది లేవలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పండి."

చెప్పలేదు. అప్పటికే వరండాలో మా అక్క తీర్పు చెప్పేసింది. రమ ముట్టు దాచి స్వామికి వంట చేసిందట, అందుకే అంజన్నకు కోపమొచ్చిందట. నా మంచం పక్కన నిలబడి ఆమె మొహం మీదే అన్నది: "నీ అంటు వాని పానం మీదికి తెచ్చింది."

రమ నా వైపు చూసింది. మాల మెడలో ఉండగా రోజూ అబద్ధమాడానని తెలిస్తే పరువు పోతుందని నేను కళ్లు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక షాపులో మిషన్ సొరుగు నుంచి ఒక్క గోళీ కూడా తీయని అట్టలు రమ తెచ్చింది. ఎవరికీ చూపలేదు. నా పక్కన పెట్టి, "నువ్వొక్క మాట చెప్తె అయిపోతుండె" అన్నది. అప్పుడూ చెప్పలేదు. అక్క మాట వాడకట్టంతా పాకి, ఇరుగుపొరుగు ఆమెను పసుపు బొట్టుకు పిలవడం మానేశారు. రమ సిరిసిల్లలో తల్లి దగ్గరికి వెళ్లిపోయి, అక్కడ బట్టల కంపెనీలో మిషన్ కుడుతోంది.

ఈ ఎండాకాలం వెళ్లి తప్పయిందన్నాను. చేతిలో పని ఆపకుండానే, "నాకెందుకు చెప్తున్నవ్, నాకెరుకలేదా? ఆళ్లకు చెప్పు" అన్నది.

చెప్పాను. అక్క నమ్మలేదు, పెళ్లాన్ని తెచ్చుకోవడానికి కథలల్లుతున్నానన్నది. వాడకట్టులో కొందరు నవ్వారు. అందుకే అచ్చులో చెప్తున్నాను. రమ ఏమీ దాచలేదు. దాచి వండినా అందుకు నా బీపీ పడిపోదు.

ఇప్పుడు వారం మందు మళ్లీ వేసుకుంటున్నాను. స్టెరాయిడ్‌ను డాక్టర్ కొంచెం కొంచెం తగ్గిస్తున్నారు. పొద్దున గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది.

స్టెరాయిడ్ వాడేవాళ్లు మాల వేసినా, ఉపవాసమున్నా డాక్టర్‌ను అడగకుండా ఆపకండి. ఆపి ఉంటే, మీకు అన్నం పెట్టే మనిషి అడిగినప్పుడు నిజం చెప్పండి.