కుట్టు వేసిన పేజీలు

అద్దె పుస్తకాల కొట్టు నడిపే ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ సూదక్కే. కొత్త పుస్తకం ఏది వచ్చినా ముందు తను ఆసాంతం చదివి, పిల్లల కంట పడకూడదనుకున్న పేజీలను అంచున తెల్లదారంతో కలిపి కుట్టేసేది. పెద్దవాళ్లు తీసుకుంటే వాళ్ల ఎదుటే దారం తెంపి ఇచ్చేది. పుస్తకం తిరిగి రాగానే మళ్లీ సూది అందుకునేది. చాదస్తమే, కాదనను. కానీ తల్లులు పిల్లల్ని నిశ్చింతగా ఆ కొట్టుకి పంపేవారంటే ఆ చాదస్తం చలవే.

ఎదురింటి పెద్దమ్మకి ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో పోయిన దగ్గర్నుంచి పుస్తకాలే కాలక్షేపం. కడుపులో తూటా తగిలిందనీ, నొప్పి తెలిసేలోపే ప్రాణం పోయిందనీ కబురు తెచ్చిన అధికారి చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ ఇంత అన్నం తింటోంది, కాస్త కన్ను మూస్తోంది.

అలాంటప్పుడు కొట్టులోకి యుద్ధం నవల ఒకటి వచ్చిపడింది. చేతిలోంచి దించనివ్వని థ్రిల్లరు. మధ్యలో ఒక సిపాయికి సాయంత్రం వేళ కడుపులో తూటా తగులుతుంది. తెల్లవార్లూ గుంటలో పడి అమ్మని పిలుస్తూ ఉంటాడు. అది చదివి సూదక్క పుస్తకం టక్కున మూసేసింది. దాచేద్దామనుకునేలోపే పెద్దమ్మ అట్ట మీది బొమ్మ చూసేసింది.

"ఇది ఇవ్వవే."

"మీకు నచ్చదు పెద్దమ్మా. అంతా కాల్పులూ గోలానూ."

"మావాడి ఉద్యోగం అదేగా! నేను కాకపోతే ఇంకెవరు చదవాలే?"

 సూదక్క ఆవిడని సాయంత్రం రమ్మని పంపేసి, సిపాయి గుంటలో పడి ఉన్న రాత్రి తాలూకు పేజీలన్నిటినీ రెండు పేటల దారంతో బిగించి కుట్టింది.

"తెంపలేదేమే?" అంది పెద్దమ్మ సాయంత్రం వచ్చి.

"మరీ పచ్చి బూతులు పెద్దమ్మా."

"ఈ వయసులో నన్ను చెడగొడతాయా ఏం!" అని నవ్వింది గానీ, మాట మన్నించి అలాగే పట్టుకెళ్లింది.

వారం తిరక్కుండానే తెచ్చి బల్ల మీద పెట్టింది. దారం ఒక్క పోగు కదల్లేదు. మనిషి మాత్రం సగమైపోయింది.

"పుస్తకమంతా వెతికాను. బూతు ఒక్కటీ లేదు. నీ కుట్టుకి ముందు సాయంత్రం, కుర్రాడికి కడుపులో తగిలింది. కుట్టు దాటాక తెల్లారింది, శవాన్ని మోసుకెళ్తున్నారు."

"అది కథ పెద్దమ్మా. ఎవరో కూర్చుని అల్లింది."

"కథైతే నా దగ్గర దాచడం ఎందుకే?"

 వయసు చూసి కుట్టడమే సూదక్కకి అలవాటు. కడుపుకోత చూసి కుట్టడం అదే మొదలు, అదే తప్పయింది.

"మీరు తట్టుకోలేరని..."

"లోపల రాసిందైతే ఎక్కడో ఒకచోట అయిపోతుంది. నా తలలో మాత్రం ఆ రాత్రి అవడం లేదే. కళ్లు మూస్తే చాలు, మావాడి ప్రాణం ఇంకా పోలేదు." పెద్దమ్మ కత్తెర తీసి సూదక్క ముందుకు తోసింది. "నాకు చేతులు రావడం లేదు. నువ్వే తెంపి చదువు."

సూదక్క కొట్టు తలుపు దగ్గరగా వేసింది. దారం తెంపి, స్టూలు లాక్కుని పెద్దమ్మ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టింది. కుర్రాడు మొదటిసారి అమ్మా అన్న చోట ఆగిపోయింది.

"ఆపకు," అంది పెద్దమ్మ.