వేయని సూది

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను తెగ ఆటపట్టించేవాణ్ని. ఎంఆర్ఐ మిషన్ దగ్గర కూర్చుని ఇంతమంది లోపలికి తొంగిచూశాను, ఒక్కరిలోనూ దయ్యం కనిపించలేదు అనేవాణ్ని. ఇప్పుడు అనడం లేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ని. మాది గుడివాడ వైపు. నోరు విప్పితే యాస పట్టిస్తుందని బంద్ రోజుల్లో రోడ్డు మీద మూగవాడిలా నడిచేవాణ్ని. భయమే, దాచుకోవడమెందుకు?

మా సెంటర్లో ఊడ్చే మార్తమ్మక్కకు అంతకుముందే పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. అది కాలేయానికి పాకిందేమోనని అనుమానం. పాకితే చిన్నగా ఉన్నప్పుడే కోసేయాలి. మామూలు స్కాన్లలో ఏమీ దొరకడం లేదు, రక్తపరీక్షలు మాత్రం హడలగొడుతున్నాయి.

మా డాక్టరుగారు అప్పుడు అనుమతి తీసుకుని ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. కంటికి ఆనని ఇనుప రేణువులు. నరంలోకి ఎక్కిస్తే మంచి కాలేయం వాటిని మింగి స్కాన్‌లో నల్లబడుతుంది, గడ్డ తెల్లగా మిగిలిపోతుంది. ఎప్పటికైనా అలాంటి రేణువులనే గడ్డలోకి పంపి, అయస్కాంతంతో వేడెక్కించి కాల్చేయొచ్చని ఆయన ఆశ. మాకు అనుమతి ఉన్నది చూడటానికే. మందుకు ముందు ఒకసారి, మందు ఎక్కించి పావుగంట ఆగాక ఇంకోసారి తీయాలి.

ఆ రోజు ఉన్నట్టుండి బంద్. అక్క మూసారాంబాగ్ నుంచి నడిచే వచ్చింది. మందు బండి దారిలో ఉందన్నారు కదా అని ఆమెను మిషన్‌లో పడుకోబెట్టి మొదటి బొమ్మలు తీశాను. కాలేయం ఎప్పటిలాగే బూడిద రంగులో, శుభ్రంగా ఉంది.

అప్పుడు ఫోన్. బండిని ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆపేశారు, ఇవాళ రాదు. కింద నినాదాలు, ఎవరో మా షట్టర్ మీద దబదబా బాదుతున్నారు. ఆ కంగారులో, రోజూ చేసే అలవాటు కొద్దీ, మందు తర్వాత తీయాల్సిన రెండో వరస బొమ్మల మీట నొక్కేశాను.

తెర మీద కాలేయం నల్లగా వచ్చింది. కుడి పక్కన శనగగింజంత తెల్లమచ్చ.

సెంటర్లో మందు చుక్క కూడా లేదు. ఆమెకు నేను సూదే గుచ్చలేదు.

బయటికొచ్చి అక్క మోచేతి మడత రుద్దుకుంది. "గింత నొప్పి పెడతదని జర ముందే చెప్పొద్దా తమ్మీ?"

చెయ్యి పట్టుకుని చూశాను. గాటు లేదు, రక్తం లేదు.

డాక్టరుగారికి అంతా చెప్పాను. మిషన్ లోపం అన్నారు. ఇంజనీరు వచ్చి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. కొన్ని రోజులకు మందు వచ్చింది.

"మల్లెందుకు? మొన్ననే ఇస్తివి గదా," అని అక్క విసుక్కుంది. ఈసారి నిజంగా ఎక్కించి తీశాం. అదే నలుపు, అదే చోట అదే మచ్చ. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి డాక్టరుగారు మచ్చను రెండుసార్లు కొలిచి చూశారు.

గడ్డ తీసేశారు. అక్క బతికింది.

"మా తమ్ముడు ఆ దినం సూది వేయబట్టే బతికిన," అని చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయిస్తుంది. వేయలేదని ఇంతవరకూ చెప్పలేకపోయాను. చెబితే, మరి ఎవరేసిన్రని అడుగుతుంది.