గోలెంలో తలకిందుల పురుగులు

మా దిల్‌సుఖ్‌నగర్ గల్లీలోకి దోమల పొగబండి వచ్చిపోయిందంటే ఆ సాయంత్రం అన్నంలో డీజిలు వాసన, మంచినీళ్లలో డీజిలు వాసన, ఆఖరికి నా కళ్లజోడుకూ అదే కంపు. ఇంట్లో అందరూ ముక్కు మూసుకుని తిట్టుకుంటుంటే, నాకు మాత్రం మా నాయనమ్మ గోలెం మీద తేలిన నూనెతెట్టు కళ్లముందుకు వస్తుంది.

పోచంపల్లి నుంచి మగ్గం సామానుతో సహా వచ్చి మేం గడ్డిఅన్నారంలో కిరాయికి దిగిన రోజులవి. అక్కడి బావినీళ్లు ఉప్పు. ఉప్పునీళ్లలో నూలుకు ఎరుపు పట్టదని నాయనమ్మ వానాకాలమంతా చూరు కింద నడుములోతు మట్టిగోలెం పెట్టి వాననీళ్లు పట్టేది. బతుకమ్మ దగ్గరపడేసరికి వాకిలంతా తంగేడుపూల పచ్చివాసన, వేయించిన నువ్వుల సత్తు, ఉడుకుతున్న రంగు ఆవిరి, మోచేతుల దాకా ఎర్రబడ్డ ఆడవాళ్లు, చిర్రగోనె ఆడి మోకాళ్లు చెక్కుకున్న నేను. ఆ గోలెంలో పురుగులు లుకలుకలాడితే నాయనమ్మ సంబరపడేది. పురుగు బతికిందంటే నీళ్లల్లో సున్నం లేదు, సబ్బు లేదు అని ఆమె లెక్క.

అయితే అన్నీ ఒక తీరువి కావు. తోక నీటిపైకి ఆనించి తలకిందులుగా వేలాడేవి ఉంటే ఫర్వాలేదనేది. నీటి మీద గడ్డిపరకల్లా బోర్లా పడుకునేవి చలిజ్వరం దోమవి. అవి కంటబడితే మలేరియా ఇన్‌స్పెక్టరు గోలెంలో నూనె పోసి పోతాడు. తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్లు ముంచి, పడుకున్నవాటిని ఏరి పారేసే పని నాది. పది బారల దూరం నుంచే చెప్పేవాణ్ని ఏది ఏదో. ఇన్‌స్పెక్టరు కూడా సైకిలు దిగి, నన్ను అడిగి రాసుకునేవాడు. సరే, పది బారలు కాదు, ముక్కు నీళ్లకు ఆనితే తప్ప కనబడేవి కావు; ఇన్‌స్పెక్టరు నన్ను అడిగింది తాగడానికి మంచినీళ్లు.

ఆ ఏడు మా చిన్నత్తకు పెళ్లయ్యాక వచ్చిన తొలి బతుకమ్మ చీరకు నూలు సిద్ధమైంది. పురుగులు ఏరమంటే నేను చిర్రగోనెకు పోయాను. ఆట మధ్యలో సైకిలు గంట వినబడింది. పరుగున వచ్చి గోలెం అంచు మీద అరచేత్తో ఫట్‌ఫట్‌మని కొట్టాను. అదురుకు పురుగులన్నీ అడుక్కి దిగిపోయాయి, నీళ్లు అద్దమయ్యాయి. ఇన్‌స్పెక్టరు తొంగి చూశాడు, అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. బీడీ సగమైనా కాలకముందే ఒక్కొక్కటీ ఊపిరికి పైకి తేలి, నాయనమ్మ చూస్తుండగా హాయిగా బోర్లా పడుకున్నాయి. ఆయన నూనె పోశాడు. వేరే నీళ్లు లేక వాటిలోనే అద్దితే ఎరుపు మచ్చలుమచ్చలుగా పట్టింది. చిన్నత్త ఆ చీరే కట్టుకుని ఆడింది. నాయనమ్మ బతికినన్నాళ్లూ ఇన్‌స్పెక్టరును తిట్టిపోసింది. పక్కన కూర్చుని నేనూ వంతపాడాను.

ఆ గోలెం ఇప్పుడు మా అపార్ట్‌మెంటు మిద్దె మీద ఉంది. తామర వేద్దామని నీళ్లు నింపితే తామర రాలేదు, పురుగులొచ్చాయి. జనానికి ఏం రోగమో, మిద్దెనిండా రంగుడబ్బాలు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు పడేసి, అందరి కళ్లూ నా గోలెం మీదే. తలకిందులవి ఏం చేయవయ్యా, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. ఇంతలో కింది ఫ్లాటు సుజాత కూతురికి డెంగీ వచ్చి దవాఖానలో చేర్చారు. తప్పంతా సుజాత కూలరుదే అన్నారు. అన్నారు ఏమిటి, అందరికంటే ముందు అన్నది నేనే.

మొన్న దోమల తనిఖీకి ఒకమ్మాయి గరిట, టార్చి పట్టుకుని మిద్దెక్కింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే నా అరచేయి దానంతటదే గోలెం అంచు మీద పడింది.

"నీళ్లు సాఫ్‌గున్నయి, చూస్కో బిడ్డా" అన్నాను.

"ఊపిరికి పైకి రావాల్సిందే కద తాతా. జర కూసుంట" అని ట్యాంకు నీడలో చతికిలబడింది.

వచ్చాయి. తలకిందులుగానే వేలాడాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూసినవా, గివి పడుకునేటియి కావు. ఏం చెయ్యయి."

ఆమె ఒకదాన్ని గరిటలోకి తీసి, సెల్‌ఫోనుకు తగిలించిన భూతద్దం కింద చూపించింది. "పడుకునేటియి మలేరియావి. ఏలాడేటియిల రెండు తీర్లుంటయి తాతా. తోకకాడి ఊపిరిగొట్టం పొడుగ్గ, సన్నగుంటె మోరీ దోమ, మురుగునీళ్లది. గిది చూడు, పొట్టిగ, లావుగ. డెంగీది. ఏం చెయ్యయని నీకెవరు చెప్పిండ్రు?"

"మా నాయనమ్మ" అన్నాను.

నాలుగింటిని సీసాలో పట్టుకుపోయి మర్నాడు ఫోన్ చేసింది. ఒంటి చివర దువ్వెనలాంటి పళ్లున్నాయట, పంటిపంటికీ పక్కముళ్లున్నాయట. ఎప్పుడో ఓడలెక్కి పరాయి దేశం నుంచి వచ్చిన డెంగీ జాతేనట. పాపను కుట్టింది నా గోలెం దోమేనా అని అడిగాను. చెప్పలేమంది.

గోలెం నేనే వంచాను. గుడ్లు లోపలి గోడకు అంటుకుని ఉంటాయందని కొబ్బరిపీచుతో నడుం పడిపోయేదాకా తోమాను. గడ్డిఅన్నారం బావి లేదు, ఆ చూరు లేదు, మచ్చల చీర ఏమైందో తెలియదు. నాయనమ్మా లేదు, ఉంటే నా వీపు పగిలేది. తలకిందులవి ఫర్వాలేదని ఆమె అన్నది నూలుకు. మనుషుల మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు, అది నేను కలిపిందే.

తడిచేతులు లుంగీకి తుడుచుకుని కిందికి దిగాను. దవాఖాన నుంచి బట్టలకోసం వచ్చినట్టుంది, లోపల సుజాత అలికిడి వినబడింది. తలుపు తట్టాను.